సబ్‌కో అవకాశ్

మొన్న బ్యాంకుకి వెళ్తే షట్టరు దించి ఉంది. షట్టరుకి దారంతో ఓ అట్టముక్క వేలాడుతోంది. దానిమీద హిందీలో "ఆజ్ అవకాశ్ హై" అని రాసుంది. నేను మెట్ల మీదే నిలబడి నవ్వడం మొదలుపెట్టాను. స్టూలు మీద కూర్చున్న గార్డు ముందు నా కాళ్ళకేసి చూశాడు, తూలుతున్నానేమోనని. తర్వాత ముఖంకేసి చూశాడు. బ్యాంకు మూసుంటే తిట్టుకునేవాళ్ళని చాలామందిని చూసుంటాడు గానీ, నవ్వేవాణ్ణి చూసుండడు.

"కా హోగే భైయా? కాబర్ హాసత్ హవ్?" అన్నాడు. ఏమైందన్నా, ఎందుకు నవ్వుతున్నావూ అని.

చెబుదామనే నోరు తెరిచాను. తెరిచాక తెలిసింది, చెప్పడానికి లేదని. ఆ అట్టముక్కని చూసి నవ్వాలంటే మనిషికి హిందీ రావాలి, తెలుగు రావాలి, ఆ పైన ఇరవై ఏళ్ళ కిందట ఓ జూలై మధ్యాహ్నం మా కాలేజీ పెద్ద హాల్లో బెంచీ మీద కూర్చుని ఉండాలి. ఈ మూడూ కుదిరినవాళ్ళం రాయపూర్ మొత్తానికి ఇద్దరమే. రెండో ఆయన పోయిన చలికాలంలో పోయారు. ఇద్దరి మధ్య ఉండాల్సిన నవ్వు ఒక్కడి దగ్గర మిగిలిపోతే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"కుఛ్ నహీ భైయా," ఏం లేదన్నా అనేసి మెట్లు దిగాను.

ఆయన పేరు చెప్పను. చెప్పినా మా బ్యాచ్‌లో ఎవరికీ తెలియదు. మాకందరికీ ఆయన ఛుట్టీ సార్. ఛుట్టీ అంటే సెలవు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ హాలు గురించి చెప్పాలి. నేను చెప్పేదాంట్లో కొంచెం ఎక్కువ పడుతుంది, అది నా చేతివాటం. మీకు తోచినంత తీసేసుకోండి.

మా బీఏ మొదటి ఏడాదిలో మూడొందలమందికి పైగా ఉండేవాళ్ళం. అన్ని సెక్షన్లనీ కలిపి ఆర్థికశాస్త్రం క్లాసు ఆ హాల్లో పెట్టేవారు. ఆ హాలు ఎంత పొడవంటే, ముందు వరుసలో వేసిన జోకుకి చివరి వరుస మర్నాడు నవ్వేది. ఇటు తలుపు దగ్గర వర్షం పడుతుంటే అటు తలుపు దగ్గర అమ్మాయిలు ఎండకి చున్నీలు కప్పుకునేవాళ్ళు. హాజరు పిలవడం మొదలుపెడితే అభిషేక్ అనేవాడికి అప్పటికింకా మీసం లేదు, యోగేంద్ర దగ్గరికి వచ్చేసరికి అభిషేక్‌కి పెళ్ళిచూపులు. మాకన్నా ముందు ఆ హాల్లో పాఠం చెప్పినవాళ్ళు ముందు రెండు బెంచీలకి చెప్పుకుని, గంట కొట్టగానే నుదురు తుడుచుకుని వెళ్ళిపోయేవారట. వెనక ఏం జరుగుతోందన్నది వాళ్ళకి విదేశీ వార్త.

ఆ హాల్లోకి ఆయన వచ్చారు. విజయనగరం వైపు మనిషి. సన్నగా, పొట్టిచేతుల చొక్కా, వడ్రంగి పెన్సిలు పెట్టుకున్నట్టు చెవి మీద సుద్దముక్క. ఆ సుద్దముక్క సంగతి ఆయనకెప్పుడూ గుర్తుండేది కాదు. చేతుల్లోనూ, జేబులోనూ, టేబిలు కిందా వెతికేవారు. సాయంత్రానికి ఎడమ చెవి తెల్లగా అయిపోయేది.

హిందీ ఆయన పరీక్షలు రాసి నేర్చుకున్నారు. బజార్లో నేర్చుకోలేదు. దాంతో వచ్చింది చిక్కంతా.

"ఆజ్ మేరా ప్రథమ్ ఉపన్యాస్ హై," అని మొదలుపెట్టారు. హిందీలో ఉపన్యాస్ అంటే నవల. ఈయనెవరో రచయిత కాబోలు, సొంత నవల చదువుతాడు కాబోలునని మూడొందలమందీ మొహమొహాలు చూసుకున్నారు. ఆయన అది గమనించలేదు. ఉత్సాహంగా చెయ్యెత్తి, "అంత్ మే సబ్‌కో అవకాశ్ దూంగా!" అన్నారు.

చివర్లో అందరికీ అవకాశం ఇస్తాను, మాట్లాడ్డానికి, అడగడానికి. ఆయన అన్నది అదీ. వాళ్ళు విన్నది వేరు. బ్యాంకు అట్టముక్క మీది అవకాశ్, సెలవు. చివర్లో అందరికీ సెలవిస్తాను!

హాలంతా చప్పట్లు. ధర్సీవా నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకడు, గొంతు పెద్దది, లేచి, "సర్, అభీ దే దీజియే నా!" అన్నాడు. ఇప్పుడే ఇచ్చెయ్యండి అని.

ఆయన కళ్ళు మెరిశాయి. "అభీ? అభీ చాహియే? బహుత్ అచ్ఛా! లీజియే, సబ్‌కో అవకాశ్!"

ఆ తర్వాత ఆ హాలు ఖాళీ అయిన వేగాన్ని నేను మళ్ళీ చూడలేదు. రెండు తలుపులూ చాలక కిటికీల్లోంచి కూడా దిగిపోయారు. ఒకడు చెప్పులు వదిలేసి పోయాడు. దుమ్ము సర్దుకునేసరికి స్టేజీ మీద ఆయన, నడిమి బెంచీలో నేను, పైన ఊగుతూ తిరిగే ఓ ఫ్యాను.

ఆయన మెల్లగా నా దగ్గరికి వచ్చి, "ఆప్ క్యోం నహీ గయే?" అన్నారు. నువ్వెందుకు వెళ్ళలేదని.

"మీరు అవకాశం ఇస్తానన్నారు కదండీ," అన్నాను, తెలుగులో. నేను ఉండిపోయింది బుద్ధిమంతుణ్ణని కాదు. ఆయన మాట నాకు తెలుగు మాటలా వినబడింది, అంతే. ఏం అడగాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

"ఒరే, మనవాడివా! ఎక్కడ?"

"డబ్ల్యూఆర్ఎస్ కాలనీ అండి. నాన్న వ్యాగన్ వర్క్‌షాపులో చేస్తారు. మాది శ్రీకాకుళం."

"మరి వాళ్ళంతా ఏమయ్యారోయ్? ఇప్పుడే కావాలని అడిగి మరీ..."

చెప్పక తప్పలేదు. "సార్, ఇక్కడ అవకాశ్ అంటే సెలవండి."

ఆయన నా పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఫ్యానుకేసి చూశారు.

"నేను తెలుగు మాటకి చివర 'ము' తీసేసి మాట్లాడేస్తున్నానోయ్. పుస్తకము, పుస్తక్. భోజనము, భోజన్. విద్యాలయము, విద్యాలయ్. ఎక్కడా తేడా రాలేదు," అన్నారు. "అందరికీ అవకాశం ఇద్దామనుకుని అందరికీ సెలవిచ్చేశానన్నమాట," అన్నారు. అప్పుడు నవ్వారు. కానీ ఆ నవ్వు చివర ఓ మాట అన్నారు, అది మాత్రం నవ్వులో కలవలేదు. "ఇంతమందికి నాతో మాట్లాడాలనుందా అని ఎంత సంబరపడ్డానోయ్."

మర్నాడు ఆ హాల్లో పురుగు దూరే సందు లేదు. అడిగినవాళ్ళకి అడిగినట్టు సెలవిచ్చే సార్ ఒకాయన వచ్చాడని కాలేజీ అంతా పాకిపోయింది. కామర్స్ వాళ్ళొచ్చారు, సైన్సు వాళ్ళొచ్చారు. కరెంటు బిల్లు కట్టడానికి పోతున్న ఒకాయన కూడా దారితప్పి వచ్చి కూర్చున్నాడని నేను ఎక్కడైనా ఒట్టేసి చెబుతాను. ఈ సర్కస్‌లోకి ఆయన వెనక తలుపులోంచి వచ్చారు. చివరి బెంచీ దగ్గర ఆగి అక్కణ్ణుంచే మొదలుపెట్టారు. మూడొందల తలలూ గిర్రున వెనక్కి తిరిగాయి. అప్పటిదాకా చివరి వరుస అనుకున్నది మొదటి వరుస అయిపోయింది.

"ఆజ్ భీ సబ్‌కో అవకాశ్ దూంగా," అన్నారు. కేకలు, ఈలలు. ఆయన చెయ్యెత్తారు. "లేకిన్ పహలే తెలుగువాలా."

ముందు తెలుగు అవకాశం, తర్వాత మీ హిందీ అవకాశ్. నా భాషలో ఈ మాటకి మాట్లాడే వంతు అని అర్థం, మీ వంతు వాడుకుంటే గంట కొట్టే ముందే వదిలేస్తాను, ఇదీ బేరం, అన్నారు. నిన్నటి పొరపాటుని దాచుకోకుండా అలా బల్లమీద పెట్టేసరికి, ఏడిపిద్దామని వచ్చినవాళ్ళకి ఏడిపించడానికేం మిగల్లేదు. ఆ రోజు నుంచి మా కాలేజీలో ఛత్తీస్‌గఢీ మాట తప్ప వేరే ఎరగని పిల్లలు కూడా "తెలుగువాలా" అనడం నేర్చుకున్నారు. క్యాంటీన్లో ఎవడైనా ఎదుటివాణ్ణి మాట్లాడనివ్వకపోతే, "అరే, ఉసే తెలుగువాలా తో దే!" వాడికీ ఓ తెలుగువాలా ఇవ్వరా అని కసురుకునేవాళ్ళు.

పెద్ద క్లాసు గురించి ఆయనకో నమ్మకం ఉండేది. "మూడొందలమందికి పాఠం చెప్పడం ఎవడివల్లా కాదోయ్. ఇద్దరికి చెప్పొచ్చు. ఇక్కడ ఇద్దరిద్దరు చాలామంది ఉన్నారు, అంతే కదా."

అందుకని ఆయన ఏదైనా అడిగితే జవాబు తనకి చెప్పనిచ్చేవారు కాదు. పక్కవాడికి చెప్పమనేవారు. హాలంతా తేనెపట్టులా గుయ్యిమనేది. కాసేపటికి చప్పట్లు కొట్టి ఎవరో ఒకర్ని వేలితో చూపించేవారు. "బగల్ వాలే నే క్యా కహా?" పక్కవాడు ఏమన్నాడు? నీ సొంత తెలివి నాకొద్దు, నీ పక్కవాడు ఏమన్నాడో చెప్పు. దాంతో చచ్చినట్టు పక్కవాడి మాట వినాల్సి వచ్చేది. మూడొందలమందిలో లేచి నిలబడి సొంత అభిప్రాయం చెప్పాలంటే బెంచీ కిందికి దూరేవాళ్ళం గానీ, పక్కవాడి అభిప్రాయం చెప్పడానికి ఏం భయం? తప్పైతే వాడిది కదా.

ఆరంగ్ నుంచి వచ్చే ఓ అమ్మాయి ఉండేది. హాజరుకి కూడా చెయ్యెత్తేది తప్ప నోరెత్తేది కాదు. ఓ రోజు ధరలు ఎందుకు పెరుగుతాయి, ఎందుకు తగ్గుతాయి అని అడిగారు. ఆ అమ్మాయి పక్కనున్నామె లేచి, "సర్, ఈమె అంటోంది, వాళ్ళు మహానది ఇసుకలో పుచ్చకాయలు వేస్తారట. రేటు వాళ్ళ నాన్న చెప్పడట, ఎండ చెబుతుందట. పొద్దున మబ్బు పడితే వాళ్ళమ్మ దండం పెట్టుకోవడం మానేసి తిట్టడం మొదలెడుతుందట," అంది. హాలు గొల్లుమంది. ఆయన నవ్వలేదు. బోర్డు మీద గీయబోయిన గీతలు గీయడం మానేసి, కిటికీలోంచి ఆకాశంకేసి చూసి, "ఆజ్ బాదల్ హై. అబ్ బతావో, ఆజ్ కా భావ్ క్యా హోగా?" అన్నారు. ఇవాళ మబ్బుగా ఉంది, మరి ఇవాళ్టి రేటెంత? ఆ అమ్మాయి కూర్చున్నచోటు నుంచే, తనంతట తాను, "ఆధా, సర్," అంది. సగం. మూడొందలమంది ఉన్న హాల్లో ఆ చిన్న గొంతు చివరిదాకా వినబడింది. ఎందుకంటే అప్పటికి హాలు వినడం నేర్చుకుంది.

ఆయన వినే తీరు ఇంకా చిత్రంగా ఉండేది. ప్రశ్న అడిగాక జవాబు రాకపోతే తిట్టేవారు కాదు, తనే చెప్పేసేవారూ కాదు. సుద్ద పూసిన చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడిపోయేవారు. రైలు కోసం చూసేవాడిలా. అంత పెద్ద హాల్లో నిశ్శబ్దం పెరుగుతుంటే భయమేసేది. ఎవడో ఒకడు తట్టుకోలేక ఏదో ఒకటి అనేసేవాడు. ఓసారి ఎంతసేపు నిలబడ్డారంటే ఆ మౌనానికి కిటికీ మీది పావురం గుడ్డు పెట్టేసింది. దీంట్లో గుడ్డు మాత్రం మీరు తీసేసుకోవచ్చు.

ఇహ నా సంగతి. జతలు కట్టేటప్పుడు నేనెప్పుడూ ఒంటిగా మిగిలేవాణ్ణి. నా పక్కన కూర్చున్నవాడు నేను చెప్పే కోతల్ని లేచి మళ్ళీ చెప్పలేక చచ్చేవాడు. ఒకడైతే చెప్పాపెట్టకుండా సెక్షనే మార్చుకున్నాడు. జత లేనివాడి పక్కన సార్ కూర్చోవాలి, అది ఆయన పెట్టుకున్న నియమం. అలా వారానికోసారైనా ఆయన నాకు పక్కవారయ్యేవారు.

ఓ రోజు ఉత్పత్తి ఖర్చు గురించి ఏదో అడిగారు. నేను ఆయన చెవిలో, మా నాన్న వర్క్‌షాపుకి రిపేరుకి వచ్చిన ఓ వ్యాగన్లో ఎలుగుబంటి ఉందనీ, దాన్ని దింపడానికి రూలు లేక దానితోనే వెల్డింగు పని చేయించారనీ చెప్పాను. ఆయన లేచి, ముఖంలో చిన్న మార్పు కూడా లేకుండా, ఆ ఎలుగుబంటిని మూడొందలమందికీ అప్పజెప్పారు. తర్వాత, "ఎలుగుబంటికి జీతం లేదు. కానీ తేనె కావాలి. తేనె ఎవరి ఖాతాలో రాయాలి?" అని అడిగారు. గంట కొట్టినా ఎవడూ లేవలేదు, తేనె మీద కొట్టుకుంటున్నారు.

కానీ రూలు రెండువైపులా రూలే కదా. ధర్సీవా వాడు లేచి, "సర్, ఇప్పుడు వాణ్ణి అడగండి! వాడి బగల్ వాలా మీరు. మీరేం చెప్పారో వాడు చెప్పాలి," అన్నాడు. హాలంతా బల్లలు చరిచింది.

నేను లేచాను. ఆయన నాకు చెప్పింది ఒకటే మాట. నా ఎలుగుబంటి అయ్యాక, బెంచీ మీద గీతలకేసి చూస్తూ, తనలో తను అనుకున్నట్టు అన్నారు. "ఆదివారాలు మరీ పొడుగ్గా ఉంటాయోయ్ ఇక్కడ."

మూడొందలమంది నాకేసి చూస్తున్నారు. ఆయన కిటికీ వైపు తిరిగి, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. అలవాటుగా పెట్టారో, నేనేం చెబుతానో నిజంగానే వినాలనుకున్నారో తెలియదు.

"సార్ అంటున్నారు, ఆదివారం కూడా దుకాణాలు తెరిస్తే దేశానికి మంచిదని," అన్నాను.

గొప్ప చర్చ జరిగింది ఆ రోజు. ఆదివారం సెలవు ఉండాలా వద్దా అని హాలు రెండుగా చీలిపోయింది. బయటికి వెళ్తూ ఆయన నా భుజం మీద చెయ్యేసి, "బాగా చెప్పావు," అన్నారు. నేను చెప్పిన అబద్ధాలన్నిటిలోనూ ఆయన మెచ్చుకున్నది అదొక్కటే.

అప్పటికి ఆయన మా కాలనీకి దగ్గర్లోనే ఓ తెలుగువాళ్ళింట్లో వెనక గది అద్దెకి తీసుకుని ఉండేవారు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఎందుకు లేరో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. గదిలో రెండు కుర్చీలు, రెండు టీ గ్లాసులు. ఒక కుర్చీకి పాలిష్ పోయింది, రెండోది కొన్ననాటి మెరుపుతోనే ఉంది. ఇంటివాళ్ళ పాప వాళ్ళమ్మతో, "సార్ ఇంటికి రోజూ ఎవరో వస్తారమ్మా, మాటలు వినబడతాయి," అనేదట. ఎవరూ వచ్చేవారు కాదు. రేపటి పాఠాన్ని ఆయన ఆ కొత్త కుర్చీకి చెప్పి చూసుకునేవారు. ఓసారి నేను తలుపు తట్టబోయి ఆగాను. లోపల్నుంచి, "బగల్ వాలే నే క్యా కహా?" అని వినబడింది. తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. చెయ్యి చెవి వెనక పెట్టుకునే ఉంటారు.

ఆ మాట అమ్మకి చెప్పాను. ఆ వచ్చిన ఆదివారం నుంచి ఆయన ఆదివారాలు మా ఇంట్లోనే భోంచేసేవారు. అమ్మది పక్కా శ్రీకాకుళం, మధ్యలో హిందీ చల్లుతుంది. "ఇంకో రోటీ ఏసుకోండి మాస్టారూ, శరమ్ ఏటి మా ఇంట?" అనేది. నాన్న వర్క్‌షాపు కబుర్లు చెప్పేవాడు. నేను కోతలు కోసేవాణ్ణి. ఆయన వింటూ కూర్చునేవారు. ఆయన వెళ్ళాక అమ్మ అనేది, "పాపం, ఆ మాస్టారు తిండికి రాడ్రా, మాటాడ్డానికి వస్తాడు. తీరా వచ్చి మాటాడడేటి?"

నిజమే. అంతమంది చేత మాట్లాడించిన మనిషికి తన వంతు తీసుకోవడం చేతకాదు. ఎవరైనా అడగాలి. ఆయన్ని ఎవరడుగుతారు?

నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఆయన ఆ హాల్లోనే ఉన్నారు. ఏటా కొత్త మూడొందలమంది, ఏటా మొదటి రోజు అదే "సబ్‌కో అవకాశ్", అదే పరుగు. మా తర్వాత నుంచి ఆయన కావాలనే అనేవారట. "ఒక్కడైనా ఉండిపోతాడేమోనని చూస్తానోయ్. నీ తర్వాత ఎవడూ ఉండలేదు," అన్నారోసారి.

తర్వాత కరోనా వచ్చింది. అందరి క్లాసులూ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ఓ సాయంత్రం ఫోను చేశారు. "తెర నిండా నల్ల గళ్ళోయ్. గడికో పేరు. ఎవరున్నారో ఎవరు లేరో తెలీదు. అలవాటుకొద్దీ బగల్ వాలే నే క్యా కహా అన్నాను. చాలాసేపటికి ఒకడు టైపు చేశాడు, 'సర్, బగల్ మే కోయీ నహీ హై' అని. పక్కన ఎవరూ లేరట." తర్వాత, "మొత్తం దేశానికి నా గది వచ్చి పడిందోయ్," అన్నారు. మర్నాటి నుంచి, ఎవరికైనా ఫోను చేసి మాట్లాడండి, వాళ్ళేమన్నారో రేపు చెప్పండి, అదే హోంవర్కు అన్నారట. పుచ్చకాయల మార్కెట్ మూతపడిందని వాళ్ళ మేనమామ ఏడ్చిన సంగతి ఓ కుర్రాడు చెప్పాడట. "బాగా విన్నాడోయ్," అన్నారు, ఆ కుర్రాడి గురించి.

కాలేజీలు తెరిచాక ఆయన రిటైరయ్యే రోజు వచ్చింది. నెల ముందు నుంచీ నన్ను గదికి రమ్మనేవారు. వీడ్కోలు సభలో మాట్లాడాలి, ఆ మాటల్లో ఒక్క 'ము' పొరపాటు కూడా ఉండకూడదు. "ఇన్నేళ్ళూ వాళ్ళ వంతే కదోయ్. ఆ రోజు నా వంతు. తలొక మాటా అన్నాక చివర్న నన్ను మాట్లాడమంటారు. ఈ ఊళ్ళో నన్ను అడిగి మరీ మాట్లాడించేది అదొక్కసారే."

కాగితం పెట్టుకోనన్నారు. కొత్త కుర్చీలో నన్ను కూర్చోబెట్టి మళ్ళీ మళ్ళీ అప్పజెప్పేవారు. "ముఝే ఆప్ సబ్ పర్ బహుత్ అభిమాన్ హై," అన్నారోరోజు.

"సార్, అభిమాన్ అంటే ఇక్కడ పొగరండి. ప్యార్ అనండి."

"పొగరా!" అని దిగాలుగా చూశారు. "మూడొందలమంది మీద అభిమానం చెప్పుకోవడానికి కూడా ఓ మాట మిగల్చలేదేమోయ్ వీళ్ళు?"

సభ ఆ హాల్లోనే. స్టేజీ మీద బ్యానరు కట్టారు. ఆయన పేరు ముందు పెద్ద అక్షరాలతో "అవకాశ్ ప్రాప్త్" అని ఉంది. హిందీలో రిటైరైనవాళ్ళని అలాగే అంటారు. అది చదివి, జనంలో నన్ను వెతుక్కుని, కళ్ళతోనే నవ్వారు. చివరికి నాకూ అవకాశం ప్రాప్తించిందోయ్ అన్నట్టు.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. వచ్చాక ఆయన తన చదువు గురించి మాట్లాడారు. ఇంకొకాయన క్రమశిక్షణ గురించి, మరొకాయన కాలేజీకి రాబోయే కొత్త భవనం గురించి. శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతికిచ్చారు, ఫోటోలు తీశారు. బయట సమోసాల వాసన. సార్ నోట్లో నోట్లో మాటలు కూడబలుక్కుంటున్నారు, పెదాలు కదలడం నాకు కనబడుతోంది. మైకు పట్టుకున్నాయన, "సమయ్ కే అభావ్ మే..." అని మొదలుపెట్టారు. సార్ అప్పటికే సగం లేచారు, తననే పిలుస్తున్నారనుకుని. వేళ చాలదు కాబట్టి ధన్యవాదాలతో ముగిద్దామన్నారు మైకు పట్టుకున్నాయన. సార్ సగం లేచిన మనిషి అలాగే ఉండిపోయారు. జనగణమన మొదలైంది. అందరూ ఆయన గౌరవార్థం లేచినట్టయింది.

అది అవగానే హాలు ఖాళీ అయింది. మొదటి రోజంత వేగంగా. కిటికీల్లోంచి మాత్రం ఎవరూ దిగలేదు.

టెంట్ హౌస్ వాళ్ళు మైకు విప్పుకుపోయారు. సార్ శాలువాతో, కొబ్బరికాయతో స్టేజీ మీద నిలబడ్డారు. నేను నడిమి బెంచీలో కూర్చున్నాను.

"చెప్పండి సార్," అన్నాను.

ఆయన చుట్టూ చూశారు. కొబ్బరికాయని బల్లమీద పెట్టి, గొంతు సవరించుకున్నారు. అలవాటుగా చివరి బెంచీకేసి చూపు సారించారు. నెలరోజులు కంఠతా పట్టిన హిందీ ఎటు పోయిందో, పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. చెయ్యి మాత్రం తనంతట అది చెవి వెనక్కి వెళ్ళింది. ఆ రోజు సుద్ద లేదు. బయట ఎవరో సమోసాల ప్లేట్ల కోసం అరుస్తున్నారు. లోపల ఫ్యాను చప్పుడు.

చాలాసేపటికి చెయ్యి దించి, "సబ్‌కో అవకాశ్," అన్నారు. నేను కదలకపోవడం చూసి, బయటి తలుపుకేసి చెయ్యి చూపించి, కాస్త నవ్వుతూ, "వెళ్ళవోయ్, సమోసాలు చల్లారిపోతాయి. సెలవిచ్చాను కదా," అన్నారు.

నేను లేవలేదు. అవకాశ్ అన్న ఆ మాట నాకు తెలుగులోనే వినబడింది.